జనాభా పెరిగితే వ్యాపారం పెరుగుతుందా?

(తెర మీద: పిల్లల డైపర్ల ప్యాకెట్, పక్కన పెద్దవాళ్ల డైపర్ల ప్యాకెట్)

2024 మార్చిలో జపాన్‌కి చెందిన ఓజీ హోల్డింగ్స్ అనే కంపెనీ, దేశంలో అమ్మడానికి పిల్లల డైపర్లు తయారుచేయడం ఇక ఆపేస్తామని, పెద్దవాళ్ల డైపర్ల మీదే దృష్టి పెడతామని ప్రకటించింది. 2001లో ఏడాదికి 70 కోట్ల పిల్లల డైపర్లు చేసేవాళ్లు, అది 40 కోట్లకు పడిపోయింది. పుట్టేవాళ్లే తగ్గిపోతే ఎవరికి అమ్ముతారు చెప్పండి. అదే కంపెనీ మలేషియా, ఇండోనేషియాల్లో మాత్రం పిల్లల డైపర్ల వ్యాపారం కొనసాగిస్తానంది.

ఇది వినగానే "అయితే జనం పెరిగే చోట పెట్టుబడి పెడితే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. ఆగండి, తొందరెందుకు.

నైజీరియా జనాభా 20 కోట్లు దాటేసింది, అందులో సగం మందికి 20 ఏళ్లు కూడా లేవు. డైపర్లు అమ్మేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? అయినా 2023 డిసెంబర్‌లో పాంపర్స్ అమ్మే పీ అండ్ జీ, అక్కడ తయారీ మానేసి సరుకు బయటి నుంచి తెచ్చి అమ్ముతామని చెప్పింది. అప్పట్లో అక్కడ డాలర్లు దొరకడం కష్టంగా ఉండేది, ఆ ఏడాది అక్కడి కరెన్సీ నైరా విలువ దారుణంగా పడిపోయింది. జనం ఉన్నంత మాత్రాన గిరాకీ ఉన్నట్టు కాదు, జేబులో డబ్బుండాలి, ఆ డబ్బుకి విలువ కూడా ఉండాలి.

అసలు నన్నడిగితే మొత్తం జనాభా లెక్క పెట్టుబడిదారుడికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే లెక్క. ఇళ్లు ఎన్ని, వయసులెంత, వచ్చేవాళ్లెంత, పోయేవాళ్లెంత, ఇవి చూడాలి.

(తెర మీద: కిందికి దిగే గీత, పైకి ఎక్కే గీత)

మళ్లీ జపానే తీసుకోండి. 2015 నుంచి 2020 మధ్య అక్కడి జనాభా 9 లక్షలకు పైగా తగ్గింది, కుటుంబాల సంఖ్య మాత్రం 20 లక్షలకు పైగా పెరిగింది! 2020 నాటికి 38 శాతం ఇళ్లలో ఉండేది ఒక్కరే. అంటే మనుషులు తగ్గినా ఫ్రిజ్‌లు, చిన్న ఫ్లాట్లు, ఒక్కరికి సరిపడా ఆహారం ప్యాకెట్లు కావాల్సిన ఇళ్లు పెరిగాయి. పెద్ద సైజు ప్యాకెట్లు అమ్మేవాడికి అదే చోట నష్టం.

వయసు లెక్కలో ఒక సుఖం ఉంది, అది ముందే తెలిసిపోతుంది. దక్షిణ కొరియాలో 2015లో సుమారు 4.38 లక్షల మంది పుడితే, 2023లో 2.3 లక్షలే పుట్టారు. వీళ్లు 2030లో ఒకటో తరగతిలో చేరతారు. ఆ తరగతి ఎంత చిన్నదో ఇప్పుడే తెలుసు, జోస్యం అక్కర్లేదు. అక్కడ కొన్ని కిండర్‌గార్టెన్లు ఇప్పటికే వృద్ధుల సంరక్షణ కేంద్రాలుగా మారిపోయాయి.

వలసలతోనే అసలు టెన్షన్. ఇవి చెప్పాపెట్టకుండా దిశ మార్చుకుంటాయి. అమెరికాలోని నార్త్ డకోటాలో విలిస్టన్ అనే చిన్న ఊరుంది, చమురు పుణ్యమా అని 2010-2020 మధ్య జనాభా దాదాపు రెట్టింపైంది. మొదట్లో అద్దెలు మహానగరాల స్థాయికి ఎగబాకాయి, బిల్డర్లు ఎగబడి అపార్ట్‌మెంట్లు కట్టారు. 2014 చివర్లో చమురు ధర కూలింది, పని తగ్గింది, ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి, అద్దెలూ దిగొచ్చాయి. పదేళ్లకోసారి తీసే జనాభా లెక్కలు చూస్తే ఆ ఊరు చక్కగా పెరిగినట్టే కనిపిస్తుంది, మధ్యలో మునిగినవాళ్లు ఆ అంకెల్లో కనిపించరు.

జనం వెళ్లిపోయిన చోట ఇంకో చిక్కు, ఖర్చులు వాళ్లతో పాటు వెళ్లవు. అమెరికాలోనే డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18.5 లక్షలు, 2020లో 6.4 లక్షలు. రోడ్లు, పైపులు, దీపాలు మాత్రం పాత జనాభాకి వేసినవే. 2013లో నగరం దివాలా తీసే నాటికి దాదాపు 40 శాతం వీధి దీపాలు వెలగడం లేదు. అలాంటి చోట భూమి చవగ్గా వస్తుంది, నిజమే, కానీ నీళ్లు, కరెంటు, పన్నుల భారం మిగిలిన కొద్దిమంది మీదే పడుతుంది, ఆ కొద్దిమందిలో మీ కంపెనీ కూడా ఉంటుంది.

అందుకే ఒక ప్రాంతంలో డబ్బు పెట్టే ముందు పాత జనగణన ఒక్కటే పట్టుకోకండి. బడుల్లో కొత్త అడ్మిషన్లు, కొత్త కరెంటు కనెక్షన్లు, ఇళ్ల నిర్మాణ అనుమతులు రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. ఆరు నెలల్లో ఎత్తేయగలిగే అద్దె షాపుకి ఇది చాలు. ముప్పై ఏళ్లు నడవాల్సిన ఫ్యాక్టరీ అయితే జననాల లెక్క తీయాల్సిందే.