ముందు మందం, ఆ తర్వాతే రంగు

అందరికీ నమస్కారం. ఇల్లు కట్టుకుంటున్నవారూ, రంపం పట్టే మిత్రులూ ఒకే గదిలో కూర్చోవడం అరుదు. కాబట్టి మర్యాద మాటలు ఇంతటితో చాలు. నాకిచ్చిన అంశం స్కర్టింగుకూ, ద్వారబంధం చుట్టూ కొట్టే పట్టీకీ రంగు కలపడం. రంగు దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు మందం సంగతి తేలాలి. అది తప్పాక ఏ రంగు వేసినా లోపం దాగదు.

గోడ అడుగున వచ్చిన స్కర్టింగ్, గుమ్మం పక్కన నిలువుగా దిగిన పట్టీకి తగిలి ఆగుతుంది. పట్టీ 18 మి.మీ., స్కర్టింగ్ 12 మి.మీ. ఉంటే కోసిన చివర పట్టీ పక్కన ఒదిగిపోతుంది. తారుమారైతే ఆ కోత ముఖం 6 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. చీపురు తగిలి అక్కడే రంగు లేస్తుంది. ఎం.డి.ఎఫ్. (చెక్కపొడి నారను జిగురుతో అదిమి చేసిన పలక) అయితే తడిగుడ్డ నీళ్లు పీల్చి అక్కడే ఉబ్బుతుంది. కనీసం 3 మి.మీ. తేడా ఉండాలి, 5 ఉంటే మేలు.

కొనేవాళ్లంతా శాంపిల్‌ను ముందు నుంచే చూస్తారు. స్కర్టింగ్ ఒకరోజు, పట్టీ మరోరోజు కొంటారు. తర్వాత పుట్టీ పెట్టి కప్పమని వడ్రంగి మీద పడతారు. దయచేసి రెండు ముక్కలూ చేతిలోకి తీసుకోండి, చివరలు పక్కపక్కన పెట్టి చూడండి. అలా చూడకుండా ఏదీ కొనకండి.

టైల్ స్కర్టింగ్ అయితే మరింత జాగ్రత్త. టైల్ 10 మి.మీ., కింద జిగురు 4 మి.మీ., మొత్తం 14. దాని పక్కన 12 మి.మీ. పట్టీ సరిపోదు.

ఇప్పటికే మందం తప్పిందా? పట్టీ అడుగున ప్లింత్ బ్లాక్, అంటే చిన్న దిమ్మె, పెట్టించండి. అది రెండింటికంటే మందంగా, పట్టీకంటే కొద్దిగా వెడల్పుగా, స్కర్టింగుకంటే కాస్త ఎత్తుగా ఉండాలి. రెండింటి అచ్చులు (ముఖం మీది వంపులు, గీతలు) కలవకపోయినా ఈ దిమ్మె ఆ తేడాను మింగేస్తుంది. అది వద్దనుకుంటే స్కర్టింగ్ చివరను ఏటవాలుగా చెక్కి పట్టీ మందానికి దించాలి.

ఇక వెడల్పు. 100 మి.మీ. ఎత్తు స్కర్టింగుకు 60–70 మి.మీ. పట్టీ నప్పుతుంది. అయితే కొనే ముందు గుమ్మానికీ గది మూలకూ మధ్య, గుమ్మానికీ స్విచ్‌బోర్డుకూ మధ్య ఎంత గోడ ఉందో ఇల్లంతా కొలవండి. అన్నింటికంటే ఇరుకైన చోటే పట్టీ వెడల్పును నిర్ణయిస్తుంది. ఒక్క గుమ్మానికి మాత్రం పట్టీని చీల్చి సన్నం చేస్తే అది జన్మంతా కనిపిస్తుంది.

లెక్క ఇలా వేయండి. ద్వారబంధం లోపలి కొలత 900 × 2100 మి.మీ., పట్టీ వెడల్పు 70 మి.మీ. ద్వారబంధం అంచు నుంచి 6 మి.మీ. వదిలి పట్టీ కొడతాం. నిలువు పట్టీ బయటి కొలత 2176, అడ్డపట్టీ 1052. కాబట్టి 2.4 మీటర్ల బద్దలు గుమ్మానికి లోపలి, బయటి వైపులు రెండింటికీ కలిపి 5 కావాలి: నిలువులకు 4, రెండు అడ్డపట్టీలకు 1. అదే గుమ్మం ఉన్న 4 × 3 మీటర్ల గదికి స్కర్టింగ్ సుమారు 13 మీటర్లు. వృథాకు పదోవంతు కలిపితే 6 బద్దలు వస్తాయి, 7 తెచ్చుకోండి.

బిగించే వరుస మార్చకండి: ముందు నేల, తర్వాత పట్టీలు, చివర స్కర్టింగ్. లామినేట్ లాంటి తేలే నేల (కిందికి అతికించకుండా పరిచినది) అయితే స్కర్టింగును గోడకే బిగించాలి, నేలకు మేకు దిగకూడదు. నేల వ్యాకోచానికి గోడ పక్కన వదిలిన 8–10 మి.మీ. సందును స్కర్టింగ్ మందం కప్పాలి. మందం మళ్లీ వచ్చింది చూశారా!

పట్టీ మూలలు ఎందుకు విచ్చుకుంటాయని వడ్రంగి మిత్రులు అడుగుతుంటారు. చాలాసార్లు తప్పు రంపానిది కాదు. ప్లాస్టరింగ్ ద్వారబంధం కంటే ముందుకు ఉంటే పట్టీ ఒరిగి కూర్చుంటుంది. కోత సరిగ్గా 45 డిగ్రీలున్నా మూల కలవదు. పట్టీ కింద దాగేంత మేర ప్లాస్టర్ గీకేయండి, లేదా కోత వెనక అంచును కొద్దిగా ఎక్కువ తీయండి. స్కర్టింగ్ లోపలి మూలల్లో మాత్రం 45 కోత వద్దు. ఒక ముక్కను మూలదాకా తిన్నగా పోనిచ్చి, రెండోదాన్ని దాని అచ్చు ప్రకారం కోపింగ్ రంపంతో (వంపులు కోసే సన్న రంపం) చెక్కండి. గోడలు సరిగ్గా 90 డిగ్రీలు లేకపోయినా, చెక్క ఎండి కుంచించుకున్నా సందు అంతగా కనబడదు.

రంగుకు సమయం కొంచెమే మిగిలింది, అంతే చాలు. పెయింటు వేస్తే పట్టీకీ స్కర్టింగుకూ ఒకే డబ్బా, ఒకే మెరుపు. పాలిష్ అయితే పట్టీ తలుపుతో కలవాలి, స్కర్టింగ్ పట్టీతో గాని నేలతో గాని కలవాలి. మూడో వర్ణం తేకండి. కోసిన ప్రతి చివరకూ, అడుగు అంచుకూ బిగించకముందే ప్రైమర్ పట్టించండి. సన్న సందులకు అక్రిలిక్ ఫిల్లర్ వాడండి. మామూలు సిలికాన్ మీద రంగు నిలవదు.

మీ గుమ్మాల కొలతలు తెచ్చినవారు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.