140 మంది క్లాసులో రెండు నిమిషాల గోల

శ్రోతలందరికీ నమస్కారం. నేను బరంపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొదటి సంవత్సరం క్లాసులో 140 మంది, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడేవాళ్లు, రెండూ కలిపేసేవాళ్లు, పుస్తకం మాత్రం ఇంగ్లీషులో. వెనక బెంచీ దాకా వినబడాలని చాలా ఏళ్లు గొంతు పెంచి చెప్పాను. వినబడింది. అర్థమైందా అంటే, పరీక్ష పేపర్లు దిద్దేదాకా నాకు తెలిసేది కాదు.

ఒక రోజు సంగతి చెబుతాను. న్యూటన్ మూడో సూత్రం పాఠం అయింది. చర్యకు ప్రతిచర్య సమానం అని అందరూ గడగడా అప్పజెప్పేస్తారు, స్కూల్లోనే వచ్చేసింది వాళ్లకు. నేను బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తున్న లోడు లారీ, హైవే మీద ఒక ఆటోని గుద్దింది. గుద్దిన ఆ క్షణంలో ఎక్కువ బలం దేని మీద పడింది? ఆటో మీద అయితే ఒక వేలు, లారీ మీద అయితే రెండు, రెండింటి మీదా సమానం అయితే మూడు. ఒక నిమిషం ఎవరితోనూ మాట్లాడకుండా ఆలోచించి, నేను చెప్పగానే వేళ్లు గుండెకు ఆనించి చూపించండి, పక్కవాళ్లకు కనబడకూడదు అన్నాను.

ఎటు చూసినా ఒక్క వేలే. మూడు వేళ్లు చూపించినవాళ్లు ముగ్గురిలో ఒకరుంటారేమో.

జవాబు చెప్పలేదు. మీతో ఒప్పుకోనివాళ్లెవరో వెతుక్కుని రెండు నిమిషాల్లో ఒప్పించండి, ఏ భాషలోనైనా సరే అన్నాను. క్లాసంతా సంతైపోయింది. నేను బెంచీల మధ్య నడుస్తూ వింటున్నాను. ఒక అబ్బాయి పక్కనున్న అమ్మాయిని గట్టిగా అడుగుతున్నాడు, "సమానమైతే ఆటో ఒక్కటే ఎందుకు నుజ్జయిపోతుంది?" అని. ఎంత మంచి ప్రశ్న! ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఆ అమ్మాయి కాస్త తెలుగు, కాస్త ఒడియా కలిపి చెబుతోంది: "దెబ్బ సమానమేరా, బరువు సమానం కాదు కదా. క్యారమ్స్ ఆడవా నువ్వు? స్ట్రైకర్ తగిలితే కాయిన్ ఎగిరిపోతుంది, స్ట్రైకర్ కొంచెం నెమ్మదిస్తుంది అంతే. లారీ స్ట్రైకర్ అనుకో." వాడు కాసేపు మాట్లాడలేదు. రెండోసారి వేళ్లు చూపించమంటే వాడివి మూడు, క్లాసులో చాలామందివి మూడు.

ఆ అమ్మాయికి అది అర్థమై పది నిమిషాలు కూడా కాలేదు, అందుకే ఎక్కడ తడబడతామో ఆమెకు బాగా తెలుసు. నాకు అర్థమై 30 ఏళ్లయింది, నేనెక్కడ తడబడ్డానో గుర్తే లేదు.

ఈ పద్ధతి హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో మొదలుపెట్టారు. పెద్ద పెద్ద లెక్కలు చేసేసే ఆయన విద్యార్థులే ఇలాంటి మామూలు ప్రశ్నల దగ్గర తడబడ్డారట. సైన్సు, ఇంజనీరింగు, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసి 2014లో అమెరికా పరిశోధకులు ఒక లెక్క తేల్చారు. ఊరికే కూర్చుని వినే క్లాసుల్లో సగటున 34 శాతం ఫెయిలైతే, పిల్లలే ఏదో ఒకటి చేస్తూ నేర్చుకునే క్లాసుల్లో 22 శాతం.

ఏ భాషలోనైనా అన్నాను చూడండి, అది నాకు చాలా ముఖ్యం. మన పర్లాకిమిడిలో మేష్టరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నేనంత చెయ్యలేను, కానీ వాళ్ల భాషలో వాళ్లను రెండు నిమిషాలు వాదించుకోనివ్వగలను.

సిలబస్ ఎప్పుడవుతుందని తోటి లెక్చరర్లు అడుగుతారు. గంటకు ఒక్క ప్రశ్న చాలండి, ఐదారు నిమిషాలు పడుతుంది. మొదటిసారి సరిగ్గా చెప్పినవాళ్లు 30 శాతం లోపుంటే పాఠమే మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు వెళ్లిపోవచ్చు, మధ్యలో ఉంటేనే వాదించుకోనివ్వండి. ఒక్కటే జాగ్రత్త, రెండో ఓటు అయ్యేదాకా జవాబు చెప్పకండి. ఎవరు ఎన్ని వేళ్లు చూపించారో కూడా చెప్పకండి, చెబితే అందరూ ఎటు ఎక్కువుంటే అటు వెళ్లిపోతారు. నోటిదాకా వచ్చేస్తుంది, నాకు తెలుసు. నేనైతే డస్టర్ తీసుకుని బోర్డు తుడుస్తాను.

ఆ రోజు బెల్లు కొట్టాక ఆ అబ్బాయి వచ్చి, "సార్, మరి లారీ వెళ్లి కొండను గుద్దితే?" అన్నాడు. మర్నాడు బోర్డు మీద అదే రాశాను. నమస్కారం.