ఏడు రంగుల మట్టి

శ్రోతలకు నమస్కారం. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశం ఒకటి హిందూ మహాసముద్రంలో ఉంది. మారిషస్. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లిన మనవాళ్ల వారసులు అక్కడ ఉన్నారు. మారిషస్ అనగానే అందరూ సముద్రతీరం సంగతే చెబుతారు. నేను ఈ కాసేపూ మట్టి సంగతి చెబుతాను.

దీవికి నైరుతి వైపు, కొండల్లో షమారెల్ అనే ఊరుంది. దాని దగ్గర చెట్ల మధ్య ఉన్నట్టుండి బోసి నేల కనిపిస్తుంది. అలలు అలలుగా మట్టి దిబ్బలు. ఎరుపు, గోధుమ, పసుపు, ఊదా, నీలి ఛాయలు... ఒకదాని పక్కన ఒకటి చారలు చారలుగా. చీరల కొట్లో తానులు విప్పి పరిచినట్టు! గడ్డిపరక కూడా మొలవదు.

ఎందుకు మొలవదు? ఈ దీవి మొత్తం అగ్నిపర్వతాల లావాతో పుట్టింది. లావా చల్లారి నల్లరాయి అయింది. ఆ రాయి వేడికీ వానకీ వేలవేల ఏళ్లు నాని, చివికి, మట్టయింది. నీటిలో కరిగేవన్నీ వాన కడిగేసింది. మొక్కకు కావలసిన సారమూ వాటితోనే పోయింది. మిగిలినవి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. ఎరుపు ఇనుముది. నీలి, ఊదా ఛాయలు అల్యూమినియానివి. అదే లావా, అదే వాన. ఒకచోట చెరకు పండే నేల, ఇంకోచోట గడ్డైనా మొలవని నేల. నాకు మారిషస్‌లో అన్నిటికన్నా గొప్ప వింత ఇదే.

షమారెల్‌కు దగ్గర్లోనే సముద్రం ఒడ్డున లె మోర్న్ కొండ ఉంది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ పక్క సముద్రంలోనే జలపాతం దూకుతున్నట్టు ఫొటోల్లో చూసి ఉంటారు. అక్కడ దూకే నీరేమీ లేదు. లోతులోకి జారే ఇసుక, ఒండ్రు అలా భ్రమ కల్పిస్తాయి. ఒడ్డున నిలబడితే కనబడదు, ఆకాశం నుంచే చూడాలి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రంగుల దిబ్బల చుట్టూ కంచె ఉంది. దయచేసి దాటకండి. మెత్తటి మట్టి మీద అడుగు పడితే గుర్తు ఉండిపోతుంది. గుప్పెడు తెచ్చుకోవాలనిపిస్తే, సన్నటి గాజు గొట్టాల్లో రంగు మట్టిని పొరలు పొరలుగా నింపి దుకాణాల్లో అమ్ముతారు, అది కొనుక్కోండి. మబ్బు రోజున కాకుండా ఎండ ఉన్నప్పుడు వెళ్లండి, రంగులు బాగా తేలతాయి.