ల్యాబ్ కాగితం మీద నార్మల్, మరి కిడ్నీ సంగతి?

యాంకర్: నమస్కారం. మార్పిడి చేసిన కిడ్నీ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ రోజు చర్చ దాని మీదే. స్టూడియోలో కిడ్నీ వైద్యం చూసే ఒక నెఫ్రాలజిస్ట్, కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద పరీక్షించే ఒక పాథాలజిస్ట్, అమ్మ ఇచ్చిన కిడ్నీతో పాఠాలు చెప్పుకుంటున్న ఒక మాస్టారు ఉన్నారు. మాస్టారూ, రిపోర్ట్ చేతికి రాగానే ముందు ఏం చూస్తారు?

మాస్టారు: క్రియాటినినే అండీ, కిడ్నీ రక్తంలోంచి వడకట్టి పారేయాల్సిన వ్యర్థం. మా అమ్మయితే ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే "ఎంతొచ్చిందిరా?" అంటుంది. పోయినసారి 1.0, ఇప్పుడు 1.3. కాగితం మీద నార్మల్‌లోనే ఉందని ధీమాగా ఉన్నాం.

నెఫ్రాలజిస్ట్: నాకు భయం ఆ ధీమా చూస్తేనే. ల్యాబ్ రేంజ్ అందరికీ కలిపి గీసిన గీత. మీకు కావలసింది మీ పాత అంకె. మీ వయసు 40 కదా? 1.0 ఉన్నప్పుడు, క్రియాటినిన్‌ని బట్టి కిడ్నీ వడపోతను అంచనా వేయడానికి ఇప్పుడు వాడుతున్న సీకేడీ-ఎపీఐ 2021 లెక్క ప్రకారం అది నిమిషానికి దాదాపు 98 మిల్లీలీటర్లు. 1.3కి అది 71. పావు వంతుకు పైగా పడిపోయింది. అదే వయసు ఆడవాళ్లకి 1.3 వస్తే 53 మాత్రమే.

మాస్టారు: అంటే రిజెక్షనేనా డాక్టర్ గారూ, నా ఒళ్లు అమ్మ కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తోందా?

నెఫ్రాలజిస్ట్: అప్పుడే ఆ మాట వద్దు. ఎండకి ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలైనా, రిజెక్షన్ రాకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మందు ఎక్కువైనా క్రియాటినిన్ పెరుగుతుంది. వెంటనే మళ్లీ పరీక్ష, దాంతోపాటు రక్తంలో టాక్రోలిమస్ లెవల్. ఇక్కడే చాలామంది పొరపడతారు. పొద్దున్న మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వచ్చేస్తారు. లెవల్ ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి డోసు తగ్గిస్తే నిజంగానే రిజెక్షన్ వైపు నెట్టినట్టు. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున్న 9కి, మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకెళ్లండి, ఇచ్చాక అక్కడే మింగండి.

యాంకర్: స్కాన్ ఎప్పుడు?

నెఫ్రాలజిస్ట్: ఇలా పెరిగితే వెంటనే. కొత్త కిడ్నీని నడుము దగ్గర కాకుండా పొత్తికడుపులో ఒక పక్కన పెడతాం, చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో బాగా కనిపిస్తుంది. మూత్రం దిగక కిడ్నీ ఉబ్బిందా, చుట్టూ నీరు చేరిందా, రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో రక్తనాళం సన్నబడిందా చూస్తాం. బీపీ ఉన్నట్టుండి అదుపు తప్పితే ఆ రక్తనాళాన్ని తప్పక అనుమానించాలి. కానీ కిడ్నీ లోపలి కణజాలంలో ఏం జరుగుతోందో స్కాన్ చెప్పలేదు.

పాథాలజిస్ట్: అది నా టేబుల్ మీదికి రావాల్సిందే. సూదితో కిడ్నీ నుంచి తీసిన బయాప్సీ ముక్క సన్నటి దారప్పోగంత ఉంటుంది. అందులో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లు కనీసం 10, ధమనులు 2 ఉంటేనే నమ్మకంగా చెప్పగలం. 1991లో కెనడాలోని బాన్ఫ్ పట్టణంలో కూర్చుని వైద్యులు మొదలుపెట్టిన వర్గీకరణనే ఇప్పటికీ సవరించుకుంటూ వాడుతున్నాం. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు కిడ్నీలో విజృంభించే బీకే వైరస్, రిజెక్షన్ రెండూ మైక్రోస్కోప్ కింద ఒకేలా అనిపించవచ్చు. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు! రిజెక్షనైతే మందులు పెంచాలి, వైరస్ అయితే తగ్గించాలి. అంకె చూసి ఊహించి మందు మారిస్తే కిడ్నీ పోవచ్చు.

యాంకర్: మరి క్రియాటినిన్ కదలకపోతే బయాప్సీ అక్కర్లేదా?

పాథాలజిస్ట్: అంకె నిలకడగా ఉండగానే లోపల వాపు కనిపించిన స్లైడ్లు చూశాను. అందుకే ముందే అనుకున్న సమయానికి బయాప్సీ చేస్తే మంచిదంటాను.

నెఫ్రాలజిస్ట్: అందరికీ అక్కర్లేదండీ. రక్తస్రావం అరుదే అయినా ఉంటుంది. రిజెక్షన్ ముప్పు ఎక్కువున్నవాళ్లకి అయితే ఒప్పుకుంటాను.

పాథాలజిస్ట్: ఆ ముప్పు ఎవరికో ముందే అన్నిసార్లూ తెలియదు, నా బాధ అదే.

మాస్టారు: నాకు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష రాసి ఏడాది దాటింది. అది కూడా కావాలా?

నెఫ్రాలజిస్ట్: తప్పకుండా. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి చూడాలి. వడపోత గోడ దెబ్బతింటే క్రియాటినిన్ కంటే ముందే ప్రొటీన్ పట్టించే సందర్భాలున్నాయి. రేపు పొద్దున్న టాక్రోలిమస్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, బీకే వైరస్ పీసీఆర్ కూడా ఇవ్వండి. పాత రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టి మీ డాక్టర్‌కి చూపించండి. 1.3 మళ్లీ వస్తే బయాప్సీ గురించి ఆ రోజే మాట్లాడండి, వచ్చే నెలకి వాయిదా వెయ్యకండి.