ఫోన్‌కి స్పాటింగ్ స్కోప్ తగిలించి పిట్టల ఫొటోలు: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి

తెరపై: కరెంటు తీగ మీద పాలపిట్ట. మొదటి ఫొటోలో అదొక నీలి చుక్క. రెండో ఫొటోలో గొంతు మీది తెల్ల చారలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి.

ఈ రెండూ ఒకే ఫోన్‌తో, ఒకే చోట నిలబడి తీసినవే. రెండోదానికి మధ్యలో స్పాటింగ్ స్కోప్, అంటే ట్రైపాడ్ మీద పెట్టి దూరంలోని పిట్టల్ని చూసే చిన్న టెలిస్కోప్, చేరింది, అంతే. ఈ పద్ధతి పేరు డిజిస్కోపింగ్. 1999లో మలేసియాకు చెందిన లారెన్స్ పో అనే పక్షి వీక్షకుడు తన డిజిటల్ కెమెరాని స్కోప్‌కి ఆనించి తీసిన ఫొటోలతో ఇది నలుగురికీ తెలిసింది. ఇప్పుడు ఆ కెమెరా చోటులోకి ఫోన్ వచ్చింది.

ముందే ఒక మాట. స్కోప్ మీద 60 అని రాసి ఉంది కదా అని జూమ్ రింగ్‌ని ఆ చివరిదాకా తిప్పేయకండి. కొత్తలో 20 నుంచి 30 మధ్యే ఉండండి. ఎందుకన్నది లెక్కలోనే తేలుతుంది.

తెరపై: స్కోప్ పెట్టె మీద "20-60×65" అన్న అక్షరాలు దగ్గరగా.

65 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 20-60 అంటే ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే వెనక అద్దం, ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో అది. 65ని 20తో భాగిస్తే 3.25 వస్తుంది. ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి కట్ట వ్యాసం అది, మిల్లీమీటర్లలో. అదే 60 దగ్గర 1.1 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ఇప్పుడు మీ ఫోన్ సంగతి చూడండి. మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ 5.6 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 అనుకుంటే, 5.6ని 1.8తో భాగిస్తే, వెలుగు లోపలికొచ్చే కన్నం దాదాపు 3.1 మిల్లీమీటర్లు. అంటే 20 దగ్గర ఆ కన్నం పూర్తిగా నిండుతుంది. 60 దగ్గర నడిమధ్య సన్నటి చుక్కలా మాత్రమే వెలుగు పడుతుంది, ఎనిమిదో వంతు. సెకనులో 800వ వంతుకి తీయగలిగిన ఫొటో 100వ వంతుకి దిగజారుతుంది. ఆ వేగానికి పిట్ట తల తిప్పినా, గాలికి ట్రైపాడ్ కదిలినా ఫొటో మసకే.

ముందు అద్దం 80 లేదా 85 మిల్లీమీటర్లదైతే వెలుగు బాగా పెరుగుతుంది, బరువు కూడా పెరుగుతుంది. ఆ బరువుకి తగ్గ ట్రైపాడ్ ఖర్చు కూడా కలుపుకోవాలి. నడిచి తిరిగేవాళ్లకి 65 చాలు. కొనేటప్పుడు అడగాల్సింది ఈడీ గ్లాస్, అంటే రంగులు విడిపోకుండా చూసే ప్రత్యేక గాజు, ఉందా అని. అది లేని స్కోప్‌లో నల్ల కొమ్మ మీద కూర్చున్న తెల్లకొంగ అంచుల వెంట ఊదా గీత కనిపిస్తుంది, జూమ్ పెంచేకొద్దీ అది మరీ ముదురుతుంది.

అయితే జూమ్ పెంచకుండా పిట్ట పెద్దగా ఎలా వస్తుంది? దగ్గరికి వెళ్లడం వల్ల. ఫోన్ మెయిన్ కెమెరా, పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో, 24 మిల్లీమీటర్ల లెన్స్‌కి సమానం అనుకుందాం. స్కోప్ 20 రెట్లు, ఫోన్‌లో 2 రెట్ల జూమ్. మొత్తం 960 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. 30 సెంటీమీటర్ల పాలపిట్ట 50 మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేము వెడల్పులో ఆరో వంతు ఉంటుంది. అదే 20 మీటర్లకి చేరితే ఐదింట రెండు వంతులు నింపేస్తుంది. స్కోప్ ఉంది కదా అని ఎంత దూరం నుంచైనా తీయొచ్చనుకునేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. స్కోప్ వల్ల అసలు లాభం ఏంటంటే, పిట్ట బెదరని దూరంలో ఆగి కూడా పని జరుపుకోవచ్చు.

తెరపై: ట్రైపాడ్ కాళ్లు తెరుస్తున్న చేతులు.

ట్రైపాడ్ గురించి క్లుప్తంగా. లావుగా ఉన్న పై భాగాలు ముందు లాగండి, సన్నవి చివర్లో. మధ్య కడ్డీ పైకి ఎత్తకండి. ఎత్తారంటే ఒంటికాలి మీద నిలబెట్టినట్టే. ట్రైపాడ్ పైన స్కోప్‌ని పట్టుకునే హెడ్ విషయంలో, ఎటుపడితే అటు తిరిగే బాల్ హెడ్ వద్దు, నెమ్మదిగా కదిలే ఫ్లూయిడ్ హెడ్ వాడండి. దానికి పక్కకి ఒక బిగింపు, పైకీ కిందికీ మరొకటి ఉంటాయి. ఫోన్ తగిలించాక వెనకవైపు బరువెక్కుతుంది కాబట్టి ప్లేటుని జరిపి బరువు సరిచూడండి. బిగింపు వదిలేసినా స్కోప్ పెట్టినచోటే నిలబడాలి.

ఇక అసలు తలనొప్పి, ఫోన్‌ని ఐపీస్‌కి సరిగ్గా కూర్చోబెట్టడం. ఇక్కడ తొందరపడకండి. ఈ పని ఇంట్లోనే, పగటి వెలుగులో, ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద ఉన్న అక్షరాలు చూస్తూ చేసుకోవాలి. చెరువు గట్టు మీద మొదటిసారి చేద్దామనుకుంటే పిట్ట మీకోసం ఆగదు.

ఫోన్‌ని ఐపీస్‌కి పట్టి ఉంచే అడాప్టర్లు రెండు రకాలు. ఏ ఫోన్‌కైనా సరిపోయే బిగింపు రకం చవక, కానీ ప్రతిసారీ మళ్లీ సరిచేసుకోవాలి. మీ ఫోన్ మోడల్‌కీ మీ ఐపీస్‌కీ విడిగా చేసిన రకం ఖరీదెక్కువ, కానీ రెండు సెకన్లలో ఎక్కుతుంది, దిగుతుంది. ఏదైనా సరే, ఫోన్ కవర్ తీసేయండి. దాని మందం వల్ల లెన్స్ ఐపీస్‌కి దూరమవుతుంది.

తెరపై: ఫోన్ వెనక మూడు కెమెరాలు. ఒక్కోదాన్నీ వేలితో మూస్తుంటే తెర ఏది మూసినప్పుడు నల్లబడుతుందో కనిపిస్తుంది.

మెయిన్ కెమెరా ఏదో ఇలా కనిపెట్టండి. ఐపీస్ నడిమధ్యకి రావాల్సింది అదే. మీ కన్ను ఎక్కడ పెట్టి చూస్తారో ఫోన్ లెన్స్ అక్కడ ఉండాలి. ఐకప్, అంటే ఐపీస్ చుట్టూ తిప్పితే పైకీ కిందికీ కదిలే అంచు, పూర్తిగా కిందికి దించి మొదలుపెట్టండి, తర్వాత ఒక్కో మెట్టు పైకి తిప్పుతూ తెర చూడండి.

తెరపై: ఒకదాని పక్కన ఒకటి మూడు తెరలు.

మొదటిది చూడండి. గుండ్రటి బొమ్మ, చుట్టూ నలుపు, అంచు కత్తితో కోసినట్టు ఉంది. ఇది తప్పు కాదు. జూమ్ ఐపీస్‌లు చాలావరకు తక్కువ రెట్ల దగ్గరే ఇరుకుగా చూపిస్తాయి, 20 దగ్గర ఆ వలయం సహజం. ఫోన్‌లో ఒకటిన్నర, రెండు రెట్లు జూమ్ చేస్తే పోతుంది. రెండోది, అంచు పొగలా కలిసిపోయింది. లెన్స్ ఐపీస్‌కి దూరంగా ఉంది, ఐకప్ దించండి. మూడోదాంట్లో ఒకపక్క నెలవంకలా నీడ పడుతోంది. ఫోన్ మధ్యలో లేదు. అడాప్టర్ మరలు కొద్దిగా వదులుచేసి, వెంట్రుకవాసి చొప్పున జరపండి. కదిపినప్పుడల్లా చిక్కుడు గింజ ఆకారంలో నలుపు వచ్చి పోతుంటే మరీ దగ్గరికి వచ్చినట్టు. సరిగ్గా కుదిరాక అడాప్టర్ మీద, ఐకప్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి.

జూమ్ చేస్తుండగా తెర ఒక్కసారిగా నల్లబడిందా? ఫోన్ తనంతట తాను పక్క కెమెరాకి మారిపోయింది, ఆ కెమెరా ముందు ఐపీస్ లేదు. కెమెరా యాప్‌లో అన్నీ మనమే ఎంచుకునే ప్రో మోడ్‌లో మెయిన్ కెమెరా ఎంచుకుని అక్కడే ఉండండి. దగ్గరి వస్తువు కనిపించగానే మాక్రోకి మారే ఫోన్లలో ఆ మాక్రో ఆఫ్ చేయండి.

పిట్టని దొరకబుచ్చుకోవడం ఇంకో విద్య. ఫోన్ పెట్టకుండా, 20 దగ్గర, కంటితో వెతకండి. పిట్టని మధ్యలోకి తెచ్చి, హెడ్ బిగించి, అప్పుడు ఫోన్ ఎక్కించండి. స్కోప్ గొట్టం మీద ముందొకటి వెనకొకటి ప్లాస్టిక్ జిప్ టై బిగించి, వాటి తోకలు తుపాకీ మీది గురిలా ఒకే వరసలో నిలబెడితే వెతకడం బాగా తేలికవుతుంది. 45 డిగ్రీల వంపున్న స్కోప్‌లకి ఈ చిట్కా మరీ పనికొస్తుంది.

ఫోకస్ దగ్గర రెండు యంత్రాలు పోట్లాడుకుంటాయి. స్కోప్ కొంచెం తప్పినా ఫోన్ ఆటోఫోకస్ దాన్ని సర్దేస్తుంది, తెర మీద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంటికొచ్చి పెద్దది చేస్తే ఈకలు ఉండవు. ప్రో మోడ్‌లో ఫోన్ ఫోకస్‌ని కొండ గుర్తు దగ్గర, అంటే అనంతం దగ్గర, బిగించేయండి. ఇక తిప్పాల్సింది స్కోప్ రింగ్ ఒక్కటే. పిట్ట కంటి మీద పెట్టండి. కంట్లో మెరుపు చుక్క చిన్నదై, గుచ్చుకున్నట్టు కనిపించేదాకా తిప్పి, కొద్దిగా దాటించి వెనక్కి రండి.

షట్టర్ వేగం, కూర్చున్న పిట్టకి కనీసం 250వ వంతు. మేస్తున్నదానికి 800 పైన. వెలుగుని కెమెరా ఎంత పెంచుకోవాలో చెప్పే ఐఎస్ఓ 400 దాటకుండా చూడండి, తప్పకపోతే 800. తెల్లకొంగల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ తీసేటప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుతురు, మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి, లేకపోతే ఆ తెలుపులో ఈకల గీతలు శాశ్వతంగా పోతాయి. హెచ్‌డీఆర్ ఆపేయండి. అది నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది, ఈలోపు పిట్ట తల తిప్పితే రెండు ముక్కులు వస్తాయి.

తెరని వేలితో తాకారంటే స్కోప్ మొత్తం ఊగుతుంది. బ్లూటూత్ రిమోట్ వాడండి, లేదా 3 సెకన్ల టైమర్ పెట్టుకోండి. అటూ ఇటూ పరిగెత్తే ఉల్లంకి పిట్టలకైతే 4కే వీడియో తీసి, తర్వాత అందులోంచి ఫ్రేము తీసుకోవచ్చు. ఒక్కోటీ 8 మెగాపిక్సెళ్లు ఉంటుంది, వాట్సాప్‌కి చాలు, ప్రింటుకి కాస్త తక్కువ.

తెరపై: చెరువులో కొంగ. ఉదయం ఏడింటికి, మళ్లీ పదకొండింటికి. రెండో ఫొటోలో కాళ్లు నీళ్లలో కరిగినట్టు వంకరపోయాయి.

ఇది ఫోకస్ తప్పు కాదు, ఎండమావి. మన ఎండలకి స్కోప్ ఫొటోల్ని ఎక్కువగా చెడగొట్టేది ఇదే. వేడెక్కిన నేల మీద గాలి కదులుతుంటే కాంతి వంగుతుంది. జూమ్ పెంచితే పిట్టతోపాటు ఆ వణుకు కూడా పెద్దదవుతుంది. ఏ యాప్‌తోనూ బాగుపడదు. చేయగలిగింది, తెల్లవారాక మొదటి రెండు మూడు గంటల్లో తీయడం, దూరం తగ్గించడం, తారు రోడ్డు మీదుగానో కారు బానెట్ మీదుగానో కాకుండా నీటి మీదుగానో గడ్డి మీదుగానో చూసే చోటు ఎంచుకోవడం. ఏసీ కారులోంచి తీరం దగ్గర దిగగానే ముందు అద్దం మీద తేమ కమ్ముతుంది. స్కోప్‌ని సంచిలోనే అరగంట ఉంచి తీయండి, గుడ్డతో రుద్దకండి.

ఎక్కడ నేర్చుకోవాలి? తీగల మీద పాలపిట్ట, కాలవ పక్కన లకుముకి. రెండూ ఒకేచోట నిమిషాల తరబడి కూర్చుంటాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చలికాలంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చెట్ల మీద దగ్గరగానే దొరుకుతాయి. అక్కడ 20 రెట్లు కూడా ఎక్కువే అనిపిస్తుంది. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పులికాట్‌లో రాజహంసలు తరచూ వందల మీటర్ల దూరంలో ఉంటాయి, అది రెండో ఏడాది సిలబస్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగుండా పోతుంది. వాహనాలు వేగంగా వస్తుంటాయి, ట్రైపాడ్ తారు మీద పెట్టకండి.

గూళ్ల దగ్గర ఒక నియమం. తల్లి లేచి నిలబడి మిమ్మల్నే చూస్తోందంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు, వెనక్కి జరగండి. రికార్డు చేసిన కూతలు పెట్టి పిలవద్దు. గూడు ఉన్న చోటు లొకేషన్ ఫొటోతో పాటు పెట్టొద్దు.

ఉప్పుగాలి దగ్గర్నుంచి వచ్చాక ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్ల తడిగుడ్డతో తుడవండి. అద్దం మీద ముందు గాలి బ్లోయర్ కొట్టండి, ఇసుక రేణువులు పోయాకే లెన్స్ గుడ్డ తీయండి. ఐపీస్ మీద వేలిముద్రలుంటే గుడ్డకి ఒక చుక్క లెన్స్ ద్రవం రాసి, మధ్య నుంచి బయటికి తుడవండి. ద్రవం నేరుగా అద్దం మీద పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.