తేలుకుంచి కొంగలూ, మడిలో నత్తలూ

సభలో ఉన్న రైతులకు, టీచర్లకు, పిల్లలకు నమస్కారం.

తొలకరి పడితే చాలు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి కొంగలు వచ్చేస్తాయి. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ, ఇవి మన దక్షిణాసియా పక్షులే. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా ఊరు వాటిని చూసుకుంటుంది. వాటి ముక్కు దగ్గరగా చూడండి. కొసలు కలుస్తాయి, మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఆ కొసతో నత్త కండను గుల్ల నుంచి తెంపి, మెత్తని ఒళ్లు బయటికి లాగి మింగుతాయి. మడిలో నత్త లేకపోతే చెట్టు మీద కొంగ ఉండదు. కొంగల్ని లెక్కపెడుతున్నాం, నత్తల్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు. నా బాధంతా అదే.

దేశమంతా ఇదే తీరు. 2024లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా విడుదల చేసిన జాబితాలో 1,04,561 రకాల జీవులున్నాయి. వెన్నెముక ఉన్నవి నూటికి పది కూడా లేవు. మిగతావన్నీ పురుగులు, సాలీళ్లు, నత్తలు, పీతలు, వానపాముల వంటివే. పులుల్ని నాలుగేళ్లకోసారి లెక్కిస్తాం, మంచిదే. వీటిలో చాలావాటికి మాత్రం పేరు రాసుకున్నామంతే. పెరుగుతున్నాయో, తరుగుతున్నాయో తెలియదు.

రైతులకు ఒక మాట. వరిలో సుడిదోమ కనిపించగానే టెన్షన్‌తో ఏ మందు దొరికితే అది కొట్టేస్తాం. దోమను తినే సాలీళ్లు, దాని గుడ్లు పీల్చే చిన్న నల్లులు ముందు చస్తాయి. కొన్ని మందులు కొట్టాక దోమ మునుపటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. ఉద్దానం జీడితోటల్లో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు కుడతాయని తగలబెట్టకండి. లేత చిగుళ్లను ఎండబెట్టే టీ దోమను వేటాడేవి అవే.

ఆరుద్ర పురుగులు తగ్గిపోయాయని పెద్దవాళ్లంతా అంటారు. మఖమల్ గుడ్డలా ఎర్రగా ఉండే ఆ జీవికి ఎనిమిది కాళ్లు. అది సాలీళ్ల వైపు బంధువు. నిజంగా తగ్గాయా? పాత లెక్క ఉంటే కదా, చెప్పడానికి!

టీచర్లూ, ఈ ఆరుద్ర కార్తెలోనే మొదలుపెట్టండి. బడి పక్కన ఒక చదరపు మీటరు నేల, గట్టు దగ్గర ఒక చదరపు మీటరు మడి. ఏటా అదే చోట, అదే వారంలో పిల్లల చేత లెక్క రాయించండి. పేరు తెలియకపోతే ఫోటో తీసి, తేదీ వేయండి చాలు. ఆ పుస్తకాన్ని బడి బీరువాలోనే ఉంచండి, మీకు బదిలీ అయినా లెక్క ఆగకుండా.