ఒకరిదా, పదిమందిదా: ఇంగ్లిష్ బహువచనాల పక్కన అపాస్ట్రఫీ

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని, ఇప్పుడు ఉద్యోగాల కోసం ఇంగ్లిష్‌లో దరఖాస్తులు, ఈమెయిళ్లు రాస్తున్నవాళ్లే. అందుకే ఈ పూట ఒక్క చిన్న గుర్తు గురించి మాట్లాడతాను. అపాస్ట్రఫీ, అంటే “ఫలానావాళ్లది” అని చెప్పడానికి మాట పైన పెట్టే కామా లాంటి గుర్తు ('). అందులోనూ బహువచనం పక్కన వచ్చేది. మాట్లాడేటప్పుడు దీనితో ఎవరికీ పేచీ లేదు. రాసేటప్పుడే చెయ్యి ఆగిపోతుంది. ఎస్‌కి ముందు పెట్టాలా, తరవాత పెట్టాలా?

ఎందుకు ఆగుతుందో చూడండి. గర్ల్స్ అంటే అమ్మాయిలు. గర్ల్'స్ రూమ్ అంటే ఒక అమ్మాయి గది. గర్ల్స్' రూమ్ అంటే అమ్మాయిల గది. పలికితే మూడూ ఒకటే. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషి చెవికి కూడా తేడా అందదు. వాళ్లూ దీన్ని తరచూ తప్పు రాస్తారంటే కారణం అదే. కంటికి తప్ప చెవికి తెలియని తేడా ఇది.

ఇప్పుడు తెలుగులో అనండి. “అమ్మాయి గది.” “అమ్మాయిల గది.” “చెట్టు నీడ.” “చెట్ల నీడ.” “ఇంటి పన్ను.” “ఇళ్ల పన్ను.” బడి మొహం చూడని పిల్లాడు కూడా ఇక్కడ పొరబడడు. ఇంగ్లిష్ చెవికి దాచిపెట్టిన తేడాని తెలుగు పైకి అనేస్తుంది. అలాంటప్పుడు మనం ఈ గుర్తుకి భయపడటం ఏమిటి? వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోండి. బహువచనం “ల” వినపడిందా, ఆ ఇంగ్లిష్ మాటని ముందు బహువచనం చెయ్యండి. అది ఎస్‌తో ముగిస్తే దాని తరవాత అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టండి, ఇంకో ఎస్ వద్దు. ఎస్‌తో ముగియకపోతే అపాస్ట్రఫీ, ఎస్ రెండూ పెట్టండి. స్టూడెంట్స్' మార్క్స్, విద్యార్థుల మార్కులు. చిల్డ్రన్'స్ పార్క్, పిల్లల పార్కు. అంతే. వరస మాత్రం మార్చకూడదు: బహువచనం ముందు, అపాస్ట్రఫీ తరవాత.

ఇంత చిన్న గుర్తుకి ఇంత గొడవ అవసరమా అంటారేమో. ఆస్ట్రేలియాలో ఒక రియల్ ఎస్టేట్ ఏజెంట్ తన పాత యజమాని గురించి ఫేస్‌బుక్‌లో ఒక పోస్ట్ పెట్టాడు. కోట్ల ఖరీదు చేసే ఇళ్లు అమ్ముతాడు గానీ “ఎంప్లాయీస్ సూపర్‌యాన్యుయేషన్” కట్టలేడు అని దాని సారాంశం. సూపర్‌యాన్యుయేషన్ అంటే మన పీఎఫ్ లాంటిది. ఎంప్లాయీస్ అన్న మాటలో అపాస్ట్రఫీ లేదు. యజమాని పరువునష్టం దావా వేశాడు. నేను అన్నది నా ఒక్కడి సంగతే, అపాస్ట్రఫీ ఎస్‌కి ముందు ఉందనుకోండి అన్నది ఏజెంట్ వాదన. 2021 అక్టోబర్‌లో న్యూ సౌత్ వేల్స్ డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జి దావాని కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఒక ఉద్యోగికి కట్టకపోతే అదేదో పొరపాటు అనుకోవచ్చు, కొందరికో అందరికో కట్టలేదంటే కావాలని చేసినట్టు కనిపిస్తుంది అన్న అర్థంలో ఆమె రాశారు. “ఉద్యోగి పీఎఫ్”, “ఉద్యోగుల పీఎఫ్”. తెలుగులో ఆ పోస్ట్ పెట్టి ఉంటే ఈ వాదనకి చోటే ఉండేది కాదు.

మీకు రోజూ అవసరపడేది సెలవు చీటీ. “రెండు రోజుల సెలవు ఇప్పించగలరు.” “రోజుల” దగ్గర “ల” వినపడింది కదా? టూ డేస్' లీవ్. అపాస్ట్రఫీ ఎస్ తరవాత. రోజులకి సెలవు సొంతం ఎలా అవుతుందని అడగొద్దు, కాలాన్నీ విలువనీ ఇంగ్లిష్ ఇలాగే రాస్తుంది. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే రెండు వారాల నోటీసు టూ వీక్స్' నోటీస్. బయోడేటాలో మూడేళ్ల అనుభవం త్రీ ఇయర్స్' ఎక్స్‌పీరియన్స్. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక టెన్ మినిట్స్' వాక్. వంద రూపాయల సరుకు హండ్రెడ్ రుపీస్' వర్త్. ప్రతిచోటా తెలుగు “ల” ముందే చెప్పేస్తోంది. ఒక రోజు సెలవైతే “ల” లేదు, వన్ డే'స్ లీవ్. రెజ్యూమేల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఈ ఇయర్స్ దగ్గరే. గుర్తు పెట్టడానికి ధైర్యం చాలకపోతే త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ అని రాయండి, “ఆఫ్” వస్తే గుర్తు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ముందు “ఏ” పెట్టి, అంకెని హైఫన్‌తో కలిపితే ఎస్సే ఉండదు: ఏ టూ-డే ట్రిప్. తెలుగులో ఇది కూడా “రెండు రోజుల ప్రయాణమే” కాబట్టి ఇక్కడ చెవిని నమ్ముకోలేం, హైఫన్‌ని చూసుకోవాలి.

చెవి మోసం చేసే చోటు ఇంకొకటి ఉంది. అది మన మర్యాదలో ఉంది. “కలెక్టర్ వారి ఉత్తర్వులు”, “స్వామి వారి దర్శనం”, “గురువుల ఆశీస్సులు”. మనిషి ఒక్కరే, మాట మాత్రం బహువచనం. గౌరవం కోసం అలా అంటాం. ఇంగ్లిష్‌లో గౌరవం సంఖ్యని మార్చదు. కలెక్టర్ ఒక్కరే కాబట్టి కలెక్టర్'స్ ఆర్డర్స్. రెండు జిల్లాల కలెక్టర్లు కలిసి ఇస్తేనే కలెక్టర్స్'. అలాగే “రవి వాళ్ల అమ్మ” అంటాం. రవి ఒక్కడే, వాళ్లమ్మ ఒక్కతే. రవి'స్ మదర్ అని రాయాలి. కానీ “రెడ్డిగారి వాళ్ల ఇల్లు” అన్నప్పుడు మన మనసులో ఉన్నది ఆ కుటుంబమంతా. అప్పుడు ద రెడ్డీస్' హౌస్ సరైనదే. అంటే “ల” విన్నాక, “వారి” విన్నాక ఒక్క క్షణం ఆగి అసలు మనుషులెందరో చూసుకోవాలి.

ఎస్ లేని బహువచనాల దగ్గర తప్పులు బోర్డుల మీదే కనిపిస్తాయి. మెన్, ఉమెన్, చిల్డ్రన్, పీపుల్ అప్పటికే బహువచనాలు. కాబట్టి మహిళల కళాశాల ఉమెన్'స్ కాలేజ్. ఉమెన్స్' అని ఎస్ తరవాత పెడితే అది తప్పే, అలాంటి బహువచనం ఇంగ్లిష్‌లో లేదు. పీపుల్ సంగతి మాత్రం కొంచెం వేరు. జనం అన్న అర్థంలో పీపుల్'స్. జాతులు, దేశాల ప్రజలు అన్న అర్థంలో పీపుల్‌కి మళ్లీ పీపుల్స్ అనే బహువచనం ఉంది. మాస్కోలో 1960లో పెట్టిన విశ్వవిద్యాలయం పేరు చూడండి, పీపుల్స్' ఫ్రెండ్‌షిప్ యూనివర్సిటీ. ఒక దేశపు ప్రజలు కాదు, ఎన్నో దేశాల ప్రజల మైత్రి అని ఆ పేరు ఉద్దేశం. అది తెలిసేది ఎస్ తరవాత ఉన్న ఆ గుర్తుతోనే.

ఇంగ్లండ్‌లో ఇంకో మంచి ఉదాహరణ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఆక్స్‌ఫర్డ్‌లో 1341లో మొదలైన కళాశాల ఫిలిప్పా రాణి పేరు మీద వచ్చింది. ఒక్క రాణి, అందుకే క్వీన్'స్. కేంబ్రిడ్జ్‌లో 1448లో మార్గరెట్ రాణి ఒక కళాశాల పెట్టింది, 1465లో ఎలిజబెత్ వుడ్‌విల్ రాణి దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇద్దరు రాణులు, అందుకే క్వీన్స్'. రాణిగారి కళాశాల ఒకటి, రాణుల కళాశాల ఒకటి.

బహువచనం అనిపించే చోట కావాలనే ఏకవచనం పట్టుకున్న మనిషి కూడా ఉంది. అమెరికాలో మదర్'స్ డే కోసం పోరాడిన అన్నా జార్విస్. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ రోజుని అధికారికం చేశాడు. లోకంలోని తల్లులందరికీ మొక్కుబడిగా ఒక దండం పెట్టే రోజు కాకూడదు, ఎవరి తల్లిని వాళ్లు తలుచుకోవాలి అన్నది ఆమె పట్టుదల. అందుకే ఎస్‌కి ముందు. మన సెప్టెంబర్ 5 మాత్రం ఉపాధ్యాయులందరిదీ, టీచర్స్' డే.

ఇద్దరి పేర్లు కలిసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలని కొందరు అడిగారు. దీనికీ తెలుగే దారి చూపిస్తుంది. “రవి, సీతల పెళ్లి” అంటాం, “ల” చివరి పేరు మీద ఒక్కసారే. ఇంగ్లిష్ కూడా అంతే, రవి అండ్ సీతా'స్ వెడ్డింగ్. కాకపోతే చివరి పేరు సీత ఒక్కతే కాబట్టి గుర్తు ఎస్‌కి ముందే. ఎవరి కారు వాళ్లదైతే “రవి కారు, సీత కారు” అని విడదీస్తాం, అక్కడ రవి'స్ అండ్ సీతా'స్ కార్స్.

ఊరికే బహువచనమైతే ఏ గుర్తూ వద్దు. టిఫిన్స్, మీల్స్, ఫొటోస్ పక్కన అపాస్ట్రఫీ కనిపిస్తే చెరిపెయ్యండి. అవర్స్, యువర్స్, దెయిర్స్ పక్కన కూడా ఉండదు.

ఇప్పుడు కాగితాలు తియ్యండి. నేను బోర్డు మీద రాసేది ఇది: “మా అన్నల పిల్లల పుస్తకాలు మూడు రోజుల వానలో తడిసిపోయాయి.” “ల” మూడుసార్లు వస్తుంది. మూడింటికీ గుర్తు ఒకేచోట పడదు. ముందు పైకి చదవండి, తరవాత ఇంగ్లిష్‌లో రాయండి. పది నిమిషాల్లో నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.